రాజీ టీచర్ మూడో గ్లాసు

పాలవాగు తండాలో వాన ఎలా కురుస్తుందో పిల్లలకు చూపించడానికి ఎవరూ కాగితం పంపనక్కర్లేదు. అంగన్‌వాడీ కేంద్రం పైకప్పే ఆ పాఠం చెబుతుంది. అయినా పైనుంచి కాగితం వచ్చింది. "చిన్నారులతో ఋతువుల సైన్స్" అని రంగుల్లో అచ్చేసి, ఏ కాలంలో పిల్లల చేత ఏమేం చేయించాలో వరసగా రాసి పంపారు. ఎండాకాలంలో మంచుగడ్డను ఎండలో పెట్టి కరగడం చూపించాలట. గూడూరు మండలంలో అడవి అంచున ఉన్న ఆ తండాలో ఫ్రిజ్ ఒక్కటే ఉంది, తండా పెద్ద నాయక్ బాల్‌సింగ్ ఇంట్లో. అది చల్లబరచడం మానేసి రెండేళ్లయింది, ఇప్పుడు అందులో చీరలు దాచుకుంటున్నారు. చలికాలంలో అద్దం మీద ఊపిరి వదిలి ఆవిరి చూపించాలట. వానాకాలంలో సీసాలో వాన కురిపించాలట. పదకొండు మంది పిల్లలు ఒక్కసారి తలలెత్తి కప్పు వైపు చూస్తే చాలు, సీసా ఖర్చు కూడా ఉండదు.

అంగన్‌వాడీ టీచర్ రాజీ ఆ కాగితం చదువుతూ నవ్వుకుంది. సర్కారు కాగితం చూసి నవ్వడం ఆమెకు ఆరేళ్లుగా అలవాటే. కానీ వానాకాలం కింద రాసిన చివరి అంశం దగ్గరకొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. మూడు గ్లాసుల్లో మట్టి నింపి గోధుమ గింజలు వేయాలి. మొదటి గ్లాసుకు నీళ్లూ ఎండా రెండూ ఇవ్వాలి. రెండోదానికి నీళ్లు పోసి బీరువాలో చీకట్లో పెట్టాలి. మూడోదాన్ని ఎండలో పెట్టి చుక్క నీళ్లు కూడా పోయకూడదు. ఏది మొలిచిందో ఏది ఎండిందో పిల్లలకు చూపించి, ఆ ఫోటోలు యాప్‌లో పెట్టాలి. గోధుమ గింజలన్న మాట దగ్గర రాజీ వేలు చాలాసేపు ఆగింది.

ఎందుకాగిందో తెలియాలంటే తీజ్ సంగతి తెలియాలి. శ్రావణంలో తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు చేసే పండగ అది. బుట్టలో మోదుగాకులు పరిచి, పుట్టమన్ను నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. బుట్టలన్నీ మంచె మీద పెట్టి తొమ్మిది రోజులు పాటలు పాడుతూ పూటపూటా నీళ్లు పోస్తారు. ఆ పిల్లలు తప్ప ఇంకెవరూ బుట్టను ముట్టకూడదు. ఎవరి బుట్ట ఏపుగా పెరిగితే ఆ పిల్లకు అంత మంచి మొగుడని నమ్మకం. మరి బుట్ట పెరగకపోతే? ఆ సంగతి తండాలో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. చెప్పరు గానీ, బతికినన్నాళ్లూ మరచిపోరు.

పందొమ్మిదేళ్ల కిందట, రాజీకి పదిహేడేళ్లప్పుడు, ఆమె బుట్ట పెరగలేదు. అయిదో రోజుకు వాసన పట్టింది. తొమ్మిదో రోజుకు మిగతా పిల్లల బుట్టల్లో జానెడు మొలకలు ఊగుతుంటే, ఆమె బుట్టలో నల్లటి బురద మిగిలింది. అంతే, తండాకు ఒక జ్యోతిష్కురాలు దొరికినట్టయింది. బర్రె చస్తే రాజీ బుట్ట గుర్తుచేసుకున్నారు. బోరు ఎండితే గుర్తుచేసుకున్నారు. చూసిపోయిన సంబంధాలు మళ్లీ రాకపోతే మరీ గుర్తుచేసుకున్నారు. ఇరవై మూడో ఏట, తండా లెక్కలో బాగా ముదిరాక, మహదేవపూర్ వైపు నుంచి హరిలాల్ అనే లారీ డ్రైవరుతో పెళ్లయింది. అక్కడి ప్రాజెక్టు పనులున్నన్నాళ్లు అతను బాగానే ఉన్నాడు. పనులు తగ్గాక పూణె పోయి అక్కడ ఇంకో పొయ్యి రాజేసుకున్నాడు. రాజీ పుట్టింటికి తిరిగొచ్చిన రోజు నాయక్ పెండ్లాం సుక్కి కుళాయి దగ్గర నిలబడి, "తీజ్ అప్పుడే చెప్పింది గదా" అంది. వదిలేసి పోయిన మొగుడికి లేని తప్పు గుప్పెడు గోధుమలకు అంటుకుంది.

పదో తరగతి పాసై ఉండడం వల్ల రాజీకి అంగన్‌వాడీ ఉద్యోగం దొరికింది. మానుకోటలో మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. ఒక ముసలి సారు బల్ల మీద ఇవే మూడు గ్లాసులు పెట్టి, గింజకు నీళ్లు, వెలుతురు, గాలి కావాలని చెప్పాడు. రాజీ చెయ్యెత్తింది.

"గింజ వేసిన పిల్లకూ దానికీ ఏం సంబంధం లేదా సారూ?"

"ఏ పిల్లమ్మా?" అన్నాడాయన.

శిక్షణకొచ్చిన ఆడవాళ్లంతా నవ్వారు. రాజీ కూర్చుంది. ఆ రాత్రి బస్సులో వస్తూ దారంతా ఏడ్చింది. దుఃఖం కాదది, ఒళ్లు మండి వచ్చిన ఏడుపు. ఇంత చిన్న సంగతి తండాలో ఒక్కరికీ తెలియకపోయిందే అని.

ఇప్పుడు ఆ మూడు గ్లాసులు సర్కారు ముద్రతో ఇంటికే వచ్చాయి, సరిగ్గా రావాల్సిన ఏడాదే వచ్చాయి. సుక్కి మనవరాలు సంగీత గూడూరులో ఇంటర్ చదువుతోంది. కిందటేడు తీజ్‌లో దాని బుట్ట పలచగా, పసుపుపచ్చగా వచ్చింది. అప్పట్నుంచే గుసగుసలు మొదలయ్యాయి. దంతాలపల్లి వైపు నుంచి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. మొన్న కుళాయి దగ్గర సుక్కి అందరూ వినేలా తేల్చేసింది.

"ఈ యేడు గూడ బుట్ట సక్కగ రాకపోతే, ఎవడొస్తే వానికిచ్చి చేస్తం. సదువు లేదు గిదువు లేదు."

సంగీత బిందె ఎత్తుకుని తలొంచుకుని పోయింది. ఆ నడక రాజీకి బాగా తెలుసు, పందొమ్మిదేళ్ల కిందట తనూ అలాగే నడిచింది. తీజ్ గింజలు చల్లడానికి ఇంకా ఇరవై రోజులుంది. ఈలోగా మూడో గ్లాసును తండా మొత్తం ముందు ఎండబెట్టి చూపించాలి. గింజ బతికేదీ చచ్చేదీ నీళ్ల వల్ల, పిల్ల నొసటి రాత వల్ల కాదని వీళ్ల బుర్రల్లోకి ఎక్కించాలి. ఇది తప్ప రాజీకి ఈ వానాకాలంలో వేరే కోరిక లేదు.

రెండో గ్లాసు బీరువాలో దాచి, మిగతా రెండూ కేంద్రం అరుగు మీద పెట్టింది. గుడ్లకూ బాలామృతానికీ వచ్చే ప్రతి ఆడమనిషికీ కనిపించాలి కదా. పిల్లల్లో బాధ్యత పెంచడానికి గ్లాసుల మీద వాళ్ల పేర్లు రాయాలని కాగితంలో ఉంది. రాసింది. మూడో గ్లాసు సుక్కి నాలుగేళ్ల మనవడు కుమార్ పేరు మీద పడింది. పేర్లు రాయమని చెప్పిన మహానుభావుడు ఏ పట్నంలో కూర్చుని రాశాడో గానీ, వాడికి నాయనమ్మలు ఉండి ఉండరు.

ఆరో రోజుకు మూడు గ్లాసులూ పచ్చగా మొలిచాయి. నీళ్లు పోయనిది అన్నిటికన్నా పచ్చగా ఉంది. చీకట్లో పెట్టిన గ్లాసు బీరువాలో ఉన్నది రాత్రిపూట మాత్రమేనని తర్వాత తేలింది. పగలు రాజీ అన్నానికి వెళ్లగానే, దాని సొంతదారు పిల్ల నాయనమ్మ దాన్ని బయటికి తెచ్చి ఎండలో పెట్టి, మళ్లీ లోపల పెట్టేదట. మూడోదాని సంగతి సుక్కిని నిలదీస్తే ఆమె కొంచెమైనా దాచలేదు.

"అందరి పోరలయి మొలిచి నా మనవనిది ఎండాల్నా? గిదేం సదువే రాజీ? పగోని పొలంల గూడ గట్ల కోరుకోరు."

తెలంగాణలో నీళ్లు లేకుండా గోధుమలు పండుతాయని ఆ వారం పాలవాగు తండా నిరూపించింది. రాజీ ఉన్నదున్నట్టు యాప్‌లో పెట్టింది. నీళ్లు పోయని గింజ మొలిచిందా అన్న ప్రశ్నకు అవును అని నొక్కితే ఎర్ర గుర్తు వచ్చింది. సాయంత్రానికి సూపర్‌వైజర్ మేఘన మానుకోట నుంచి ఫోన్ చేసింది.

"రాజీ, నీ మూడో గ్లాసు పచ్చగుందేంది? నీళ్లు పొయ్యలేదు గదా?"

"నేను పొయ్యలే మేడం. తండ పోసింది."

"గట్లయితే యాప్ తీసుకోదు. ఖాళీ గ్లాసుల మట్టి పోసి ఫోటో పెట్టు. ఎవరు చూస్తరు?"

"పిల్లలు చూస్తరు మేడం."

"పిల్లల ఫోటో కాదు రాజీ, గ్లాసు ఫోటో అడుగుతున్న."

ఫోటో సంగతి తర్వాత చూద్దామనుకుంది రాజీ. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పేర్లు లేవు, ఒకటి రెండు మూడు అని అంకెలే వేసింది. ఎవరి మనవడిదీ కాని గింజ మీద ఎవరికి ప్రేమ పుడుతుంది? సుక్కి వచ్చి చూసి, పేరు లేదని మూతి తిప్పుకుని పోయింది. రాజీ ఊపిరి పీల్చుకుంది. నాలుగో రోజు పొద్దున మూడో గ్లాసులో మట్టిని చీల్చుకుని తెల్లటి ముక్కులు బయటికొచ్చాయి. గ్లాసులో వేలు పెట్టి చూస్తే మట్టి తడి.

మర్నాడు కోడి కూయకముందే వెళ్లి కేంద్రం తలుపు వెనక కూర్చుంది. కాసేపటికి చెంబు పట్టుకుని ఒక మనిషి అరుగెక్కింది. మూడో గ్లాసు దగ్గర వంగి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, నీళ్లు ఒంపింది. రాజీ బయటికొచ్చింది. ఎదురుగా తేలు కుట్టిన దొంగలా నిలబడింది సొంత తల్లి గంగి.

"యాడీ, నువ్వా?"

గంగి చెంబు కొంగు చాటుకు దాచుకుంది. అరవై ఏళ్ల మనిషి. ఆయా లేని కేంద్రాన్ని రోజూ ఊడ్చి, పిల్లల ముక్కులు తుడిచేది ఆమే.

"ఎండిన గింజను చూస్తే నా పానం ఆగలే బిడ్డా."

"ఎండాల్ననే గదా పెట్టిన! అది ఎండకపోతే నేను వీళ్లకు ఏం చూపియ్యాలె? సంగీతను ఎట్ల బతికియ్యాలె?"

గంగి అరుగు మీద కూలబడి, గ్లాసు వైపు చూస్తూ చెప్పింది.

"అప్పుడు గూడ నేనే పోసిన."

"ఎప్పుడు?"

"నీ తీజ్ అప్పుడు. మీ బాపు పోయి రెండేండ్లాయె. అందరికంటె నీ బుట్ట ఎత్తుగ వస్తే మంచి సంబంధం వస్తదని ఆశపడ్డ. తొలికోడి కూయకముందు పోయి మంచె మీద నీ బుట్టకు నీళ్లు పోసేదాన్ని. ముండమోసిన చెయ్యి తాకకూడదని తెలుసు. తెలిసే పోసిన. నా చెయ్యి తాకి కుళ్లింది. నా వల్లనే నీ బతుకు గిట్లయింది రాజీ."

రాజీకి మొదట వచ్చింది కోపమే. పందొమ్మిదేళ్లు తండా అంతా తనను చూసి గుసగుసలాడుతుంటే, ఇంట్లోనే కూర్చుని నోరు మెదపలేదు ఈ తల్లి. అరవాలనిపించింది, అరిచింది కూడా. నీకు నోరు లేదా, నాకు చెప్పడానికి ఇన్నేళ్లు పట్టిందా అని తిట్టింది. గంగి తిట్లన్నీ తలొంచుకుని తిన్నది. తిట్టి తిట్టి అలిసిపోయాక రాజీలోని టీచర్ మేల్కొంది.

"ఎన్ని చెంబులు పోసినవ్?"

"రెండు. మాపటికి వీలైతే ఇంకొకటి."

"రోజుకా?"

"ఊ."

"పిల్లలు మూడు పూటలు పోసేది కాక?"

"ఊ."

రాజీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. మోదుగాకులు పరిచిన బుట్ట, నీళ్లు దిగని పుట్టమన్ను, రోజుకు అన్ని చెంబులు! ఆ బుట్టలో గోధుమలు కాదు, వరి నాట్లు వేసుకున్నా బతికేవి కావు.

"నీ చెయ్యి కాదు యాడీ, నీ చెంబు. నీళ్లెక్కువై కుళ్లింది."

గంగి తలెత్తి కూతుర్ని చూసింది. "నిజంగనా? నీకెట్ల తెలుసు?"

ఆ సంగతి రుజువు చేసే గ్లాసు రాజీ దగ్గర లేదు. నీళ్లు లేని గ్లాసు గురించి కాగితంలో ఉంది. ప్రేమతో ముంచేసిన గ్లాసు గురించి ఆ రాసిన వాళ్లెవరికీ తోచలేదు. పట్నంలో మొక్కలు నీళ్లు లేక చస్తాయి కాబోలు. తండాలో కొలత వేరే ఉంది. రాజీ తల్లి చేతిలోంచి చెంబు తీసుకుని పక్కన పెట్టింది. ఈసారి ప్రయోగం తనే రాసుకుంది.

మళ్లీ మూడు గ్లాసులు, ఒకే సంచిలోని గోధుమలు. ఒక గ్లాసుకు గంగి రోజూ మూడు చెంచాల నీళ్లు పోయాలి. ఇంకో గ్లాసుకు అదే గంగి అంచుదాకా నింపాలి. మూడోదాన్ని కూడా అంచుదాకానే నింపాలి, కానీ చెయ్యి వేరే కావాలి. రాజీ సుక్కి దగ్గరికి వెళ్లి పిన్ని వరస కలిపింది.

"కాకీ, మొగుడున్న చెయ్యి, పదిమంది మనవలను ఎత్తిన చెయ్యి. తండల నీయంత చల్లని చెయ్యి ఎవరికుంది? మా పోరలకు మూడో గ్లాసు జర నువ్వు చూసుకోవాలె."

పొగిడితే పొంగనిది ఏముంటుంది? సుక్కి రోజూ పొద్దున్నే స్నానం చేసి, నిండు చెంబుతో వచ్చి, దేవుడికి పోసినట్టు గ్లాసు నిండా పోసింది. పక్కనే గంగి ఒక గ్లాసుకు చెంచాతో కొలిచి, ఇంకోదానికి చెంబుతో నింపింది. పిల్లలు చుట్టూ చేరి ఒకటి, రెండు, మూడు అని చెంచాలు లెక్కపెట్టారు. అంకెలు నేర్పమని ఇంకో కాగితం కూడా వచ్చి ఉంది, ఆ పనీ అయిపోయింది. రాత్రి మూడు గ్లాసులనూ రాజీ తన ఇంటికి తీసుకుపోయి మంచం పక్కన పెట్టుకుంది. తండాలో ఎవరి ప్రేమకూ ఈసారి సందు దొరకలేదు.

ఆరో రోజు గుడ్లు పంచే రోజు. ఆడవాళ్లంతా వచ్చారు. సంగీత కూడా తమ్ముడు కుమార్‌ను చంకనేసుకుని వచ్చింది. గంగి మూడు చెంచాలు పోసిన గ్లాసులో మొలకలు బెత్తెడు లేచాయి. అంచుదాకా నింపిన రెండూ కుళ్లాయి. చల్లని చెయ్యి నింపింది కూడా ముక్కు మూసుకునేలా వాసన కొడుతోంది. రాజీ మూడు గ్లాసులూ ఎత్తి చూపించింది.

"సూడుండ్రి. ముండమోసిన చెయ్యి మూడు చెంచాలు పోస్తే మొలిచింది. మొగుడున్న చెయ్యి చెంబెడు పోస్తే కుళ్లింది. నా బుట్ట గూడ గిట్లనే కుళ్లింది. మా యాడి దొంగతనంగ నీళ్లు పోసి ముంచింది. నా రాత కాదు, ఆమె చెయ్యి కాదు. నీళ్లు."

గంగి అక్కణ్ణుంచి కదల్లేదు. "నిజమే. నేనే పోసిన" అంది.

సైన్స్ గెలిచిందని ఎవరైనా అనుకుంటే, వాళ్లు ఆ తండాలో ఒక్క పూటైనా ఉండనట్టే. ఒకామె సర్కారు గోధుమలు అట్లనే ఉంటాయంది. ఇంకొకామె గ్లాసే మంచిది కాదంది. మూడో ఆమె గంగి మంచె ఎక్కిందా అని నోరు నొక్కుకుని, నీళ్ల సంగతి పూర్తిగా వదిలేసింది. గుడ్లు తీసుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆ ఫోటోలు పెట్టబోతే, ఇది ఈ ఋతువు కార్యక్రమం కాదని యాప్ వాటిని వెనక్కి కొట్టింది. రాజీకి గ్లాసులు నేలకేసి కొట్టాలనిపించింది. ఆరేళ్ల టీచరు పని, పందొమ్మిదేళ్ల అవమానం, పదహారు రోజుల కాపలా, అన్నీ కలిపి గుడ్ల పంపిణీలో కలిసిపోయాయి.

అందరూ పోయాక చూస్తే సుక్కి ఒక్కతే అరుగు చివర నిలబడి ఉంది. ముసుగు సర్దుకుంటూ, తన గ్లాసులోని కుళ్లు వైపు చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"రోజుకొక్క చెంబు... గది గూడ ఎక్కువేనా?"

"ఎవరి బుట్టకు కాకీ?"

సుక్కి తన ఇంటి వైపు చూసింది. కిందటేడు సంగీత బుట్ట ఎందుకు పలచబడిందో రాజీకి అప్పుడు అర్థమైంది. సంతోషించాలో, ఈమె జుట్టు పట్టుకోవాలో తెలియలేదు. "ఎక్కువే కాకీ" అని మాత్రం అంది. సుక్కి గుడ్లు అక్కడే మరచిపోయి వెళ్లిపోయింది.

తీజ్ వచ్చింది. నాయక్ ఇంటి ముందు మంచె కట్టారు. బుట్టలు నింపారు, గోధుమలు చల్లారు, పిల్లలు బిందెలు ఎత్తుకుని వరసగా నిలబడి పాట అందుకున్నారు. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. గంగి ఎప్పటిలాగే అందరి వెనక, గోడ నీడలో నిలబడింది. ఇప్పుడు తండాకు ఆమె చెయ్యి గురించి కొత్త కథ కూడా దొరికింది కాబట్టి ఇంకొంచెం వెనక్కే జరిగింది. రాజీ ఆమె పక్కన నిలబడింది. ఎవరైనా ఒక్క మాట జారితే తగులుకుందామని పళ్లు బిగించుకుని ఉంది.

సంగీత వంతు వచ్చింది. అది మంచె ఎక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగి నాయనమ్మ వైపు చూసింది. సుక్కి తల ఊపింది. సంగీత బిందెతోనే ఆడవాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. పాట ఆగిపోయింది.

"గంగి దాదీ, మా దాది నిన్నే అడగమన్నది. ఎంత పొయ్యాలె?"

రాజీ తల్లి భుజం మీద చెయ్యి వేసింది. గంగి రెండు చేతులూ దగ్గరకు చేర్చి చూపించింది.

"గీ దోసెడు సాలు బిడ్డా. మళ్ల తెల్లారకముందు ఎవరన్న చెంబు పట్టుకోని మంచె ఎక్కితే, చెయ్యి గట్టిగ పట్టుకో. మీ యాడి అయినా సరే, మీ దాది అయినా సరే."

అందరూ సుక్కి వైపు చూశారు. సుక్కి చేతిలో నిండు చెంబు ఉంది. ఆమె దాన్ని వంచి, నీళ్లన్నీ నేల మీద పారబోసింది.